నచ్చినదాని తీగ పట్టుకోండి

పరీక్షలు ముగిసిన సాయంత్రం ఉస్మానియా హాస్టళ్ళలో ఎవరి తొందర వాళ్ళది. కొందరు బ్యాగు సర్దుకుని ఊరి బస్సు కోసం జూబ్లీ బస్‌స్టేషన్‌కు బయల్దేరతారు. ఉండిపోయినవాళ్ళు మంచం మీద వాలి ఫోనో ల్యాప్‌టాపో తెరుస్తారు. "పరీక్షలు కానీ, అప్పుడు చూద్దాం" అని సెమిస్టరంతా దాచిపెట్టుకున్నవన్నీ అందులో వరసగా కనిపిస్తాయి. అందరూ మెచ్చుకున్న సిరీస్, సీనియర్ చదవమన్న నవల, డిస్కౌంట్‌లో కొనిపెట్టుకున్న గేమ్. వేలు పైకీ కిందికీ కదులుతుంది తప్ప ఏదీ మొదలుపెట్టబుద్ధి కాదు. గంట గడిచాక రీల్స్ చూస్తూ నిద్రలోకి జారుకుంటారు. తెల్లారి లేచేసరికి ఆ జాబితా అలాగే ఉంటుంది, సెలవుల్లో ఒక రోజు మాత్రం పోతుంది.

క్యాంపస్ దాటి తార్నాక వైపు వస్తే ఇళ్ళలోనూ ఇదే జరుగుతోంది, వయసులే వేరు. ల్యాబ్‌లో పొద్దుపోయేదాకా ఉండి ఇల్లు చేరే ఐఐసీటీ పరిశోధకులు, రోజూ మెట్రోలో రాయదుర్గం పోయివచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుందామని పుస్తకాలు కొని బీరువాలో పెట్టుకున్న లెక్చరర్లు. అందరి నోటా ఒకే మాట: "చూడాల్సినవి చాలా మిగిలిపోయాయండీ." ఆ మాట అనేటప్పుడు గొంతులో ఒక అపరాధభావం ఉంటుంది. సరదా కోసం ఉన్నవాటి గురించి మనిషి అపరాధిలా మాట్లాడటం నాకు కష్టంగా అనిపిస్తుంది. ఈ అధ్యాయం రాయడానికి కారణం అదే.

మన చదువుల పద్ధతి మనకు ఒక అలవాటు చేసింది. ఏది ముందుకొచ్చినా దాన్ని సిలబస్‌లా చూస్తాం. ఎక్కడో ఒకచోట మొదలు, ఒకచోట ముగింపు, మధ్యలో వదిలిన యూనిట్లు. గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యే వాళ్ళతో యూనివర్సిటీ లైబ్రరీ రీడింగ్ హాళ్ళు నిండిపోతాయి. పొద్దున వచ్చి కుర్చీ పట్టుకుని, తెలుగు అకాడమీ పుస్తకాలు దొంతరగా పేర్చుకుని చీకటి పడేదాకా కదలరు. ఆ దీక్షకు నేను తలవంచుతాను. కానీ అదే దీక్షను సరదాల మీదికి తెస్తే సరదా చచ్చిపోతుంది. పరీక్షకు సిలబస్ ఎక్కడో ఒకచోట ఆగుతుంది. నవలలకు, సిరీస్‌లకు, ఆటలకు ఆ గట్టు లేదు. మీరు పది చూసేలోపు ఇంకో వంద వస్తాయి. "అన్నీ అందుకోవాలి" అన్న లెక్కలో ఎవరూ నెగ్గలేరు కాబట్టి, ఆ లెక్కను పక్కన పెట్టేయండి.

మరి దేంతో మొదలుపెట్టాలి? ఏది కొత్తగా వచ్చిందో, ఏది ట్రెండింగ్‌లో ఉందో వెతక్కండి. మిమ్మల్ని చివరిసారి నిజంగా కట్టిపడేసింది ఏదో గుర్తు చేసుకోండి. పదేళ్ళ కిందటిదైనా ఫరవాలేదు. అందులో మిమ్మల్ని పట్టుకున్నది ఏమిటో ఒక్క ముక్కలో చెప్పుకోండి. "థ్రిల్లర్ కాబట్టి నచ్చింది" అంటే చాలదు. అందులో ఉన్న ఊరా, తల్లీ కొడుకుల మధ్య మాటలా, డబ్బులేనితనమా, అడవా? ఆ ముక్క దొరికితే అక్కణ్ణుంచి తీగ లాగడమే. డొంకంతా కదులుతుంది.

మా క్యాంపస్‌నే ఉదాహరణగా తీసుకుని ఆ తీగ ఎంత దూరం పోతుందో చూపిస్తాను.

ఉస్మానియాలో చదువుతున్నవాళ్ళు, చదివినవాళ్ళు అందరూ ఒకసారి అంపశయ్య నవీన్ రాసిన 'అంపశయ్య' నవల చదవాలని నా కోరిక. 1969లో అచ్చయిన పుస్తకం. రచయిత అసలు పేరు దొంగరి మల్లయ్య, ఈ యూనివర్సిటీలోనే ఎంఏ చేశారు. ఆ నవల ఎంత పేరు తెచ్చిందంటే చివరికి అదే ఆయన ఇంటిపేరైపోయింది. కథ అంటూ చెప్పాల్సి వస్తే చాలా చిన్నది. రవి అనే విద్యార్థి పొద్దున హాస్టల్ గదిలో నిద్రలేచిన దగ్గర్నుంచి అర్ధరాత్రి దాకా, ఒకే ఒక్క రోజు. చేతిలో డబ్బు లేదు. బుర్రలో మాత్రం ఒక్క క్షణం ఖాళీ లేదు. పల్లె నుంచి వచ్చిన పేద కుర్రాడి ఆలోచన ఒకదాని మీంచి ఇంకోదానికి ఎలా దూకుతుందో, ఆ దూకుడు వేగంతోనే రాశారు. విమర్శకులు దాన్ని చైతన్య స్రవంతి అన్నారు. ఆ పేరు చూసి భయపడక్కర్లేదు. మెస్ బిల్లు గురించి బెంగపడుతూ క్లాసులో కూర్చున్నవాళ్ళెవరికైనా ఆ స్రవంతి తెలిసిందే.

ఒక రోజు కథ కాబట్టి దాన్ని ఒక రోజులోనే చదవండి. గదిలో కాదు. రవి తిరిగిన చోట్లలోనే తిరుగుతూ చదవండి. పొద్దున కొన్ని పేజీలు హాస్టల్ వరండాలో, మధ్యాహ్నం లైబ్రరీలో, ఎండ తగ్గాక ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనం ముందు రోజూ ఫొటోలు దిగేవాళ్ళ గుంపులుంటాయి. వాళ్ళ మధ్యే కూర్చుని, అరవైల నాటి ఒక కుర్రాడు ఇదే క్యాంపస్‌లో ఏం ఆలోచించాడో చదువుతుంటే పుస్తకానికీ మీకూ మధ్య దూరం తగ్గిపోతుంది. పుస్తకాలు చదవలేకపోతున్నామని చెప్పే చాలామందికి నేనిచ్చే మొదటి సలహా ఇది: మీరు రోజూ నడిచే చోటు గురించి రాసిన పుస్తకంతో మొదలుపెట్టండి. ఏకాగ్రత గురించి విడిగా సాధన చేయనక్కర్లేదు.

ఇదే తీగను పుస్తకాల్లోనే ఇంకా లాగాలనిపిస్తే వడ్డెర చండీదాస్ 'అనుక్షణికం' ఉంది. అదీ ఉస్మానియా విద్యార్థుల నవలే, డెబ్భైల నాటిది. లావుపాటి పుస్తకం, మనుషులు బోలెడంతమంది. దానికి ఒక రోజు చాలదు, వేసవి సెలవులకు అట్టేపెట్టుకోండి.

తీగ తెర మీదికీ పాకుతుంది. 2024 నవంబర్‌లో జీ5లో 'వికటకవి' అనే సిరీస్ వచ్చింది. ప్రదీప్ మద్దాలి దర్శకుడు, నరేష్ అగస్త్య ముఖ్యపాత్రధారి. డెబ్భైల నాటి తెలంగాణ కథ. చదువుకుంటూనే డిటెక్టివ్ పనులు చేసే రామకృష్ణను మన ఉస్మానియా కుర్రాడిగానే చూపించారు. నల్లమల ప్రాంతంలోని అమరగిరి అనే ఊళ్ళో గుట్ట మీదికి వెళ్ళినవాళ్ళకు జ్ఞాపకాలు పోతుంటాయి. ఎందుకో తేల్చడానికి అతను బయల్దేరతాడు. ఆ ఊరిలోని భయం నాకు బాగా నచ్చింది. చివర్లో చెప్పిన కారణం కొంచెం బరువైందనిపించింది. అయినా ఒక తెలుగు డిటెక్టివ్‌ను మన నేల మీద నిలబెట్టిన ప్రయత్నం కాబట్టి సంతోషంగా చూశాను.

అందులో మిమ్మల్ని పట్టుకున్నది నల్లమల అయితే అక్కణ్ణుంచి మళ్ళీ పుస్తకానికి రండి. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' తానా నవలల పోటీలో 2019లో బహుమతి పొందింది. కరువుకు తాళలేక గొర్రెల మందల్ని అడవిలోకి తోలుకెళ్ళే కాపరుల వెంట, చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడొకడు నల్లమల ఎక్కుతాడు. ఇంటర్వ్యూల్లో నోరు పెగలని అతను పులి తిరిగే అడవిలో రోజులు గడుపుతాడు. క్రిష్ దర్శకత్వంలో 2021లో సినిమాగానూ వచ్చింది. ముందు నవల చదవండి. గొర్రెల నడక, రాత్రిపూట కాపలా, నీటి కోసం వెతుకులాట, ఇవన్నీ నవలలో ఉన్నంత నెమ్మదిగా సినిమాలో ఉండటం సాధ్యం కాదు. ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ హాస్టల్లో ఉన్నవాళ్ళకు ఈ పుస్తకం వెయ్యి మోటివేషన్ వీడియోల పెట్టు అని నమ్మకంగా చెప్తాను.

చూశారుగా, మూడు నాలుగు పేర్లు వచ్చాయి. ఏదీ ట్రెండింగ్ జాబితాలోంచి తెచ్చుకున్నది కాదు. ఒకటి ఇంకోదాన్ని పిలిచింది. అలా పిలిచినదాన్ని మొదలుపెట్టడానికి మనసు మొరాయించదు.

సిరీస్‌ల విషయంలో ఒక మాట విడిగా చెప్పాలి. వారపత్రికల రోజుల్లో యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమిలో సీరియల్‌గా వచ్చేటప్పుడు ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య వారం రోజులుండేవి. ఆ వారమంతా జనం దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. ఏం జరగబోతుందో ఊహించేవాళ్ళు, వాదించుకునేవాళ్ళు. ఆ ఎదురుచూపు కథలో భాగమే. ఇప్పుడు భాగాలన్నీ ఒకేసారి వచ్చి పడుతున్నాయి. ఒక భాగం ముగియగానే తెర మీద అంకెలు తగ్గుతూ తర్వాతి భాగం దానంతటదే మొదలవుతుంది. రాత్రంతా కూర్చుని ముగిస్తారు, మూణ్ణాలుగు రోజులయ్యాక పాత్రల పేర్లు కూడా గుర్తుండవు.

అందుకే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటోప్లే ఆపేయండి. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, యూట్యూబ్‌లో వీడియో మీదే మీట ఉంటుంది. తర్వాత హాస్టల్లోనో ఇంట్లోనో ఇంకో ఇద్దరు ముగ్గుర్ని కూడగట్టి, రాత్రి భోజనాలయ్యాక ఒక్క భాగం మాత్రమే చూడండి. చూసినంతసేపూ కాకపోయినా కాసేపైనా మాట్లాడుకోండి. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90's' సిరీస్ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఆదిత్య హాసన్ తీసింది, శివాజీ, వాసుకి అమ్మానాన్నలుగా చేశారు. తొంభైల నాటి మధ్యతరగతి ఇల్లు, లెక్కల మాస్టారైన నాన్న, ముగ్గురు పిల్లలు. దాన్ని మీ అమ్మానాన్నల పక్కన కూర్చుని చూస్తే ప్రతి భాగం తర్వాతా మీ ఇంటి కథొకటి బయటికొస్తుంది. మీరు పుట్టకముందు మీ నాన్న దేనికోసం డబ్బు కూడబెట్టారో అప్పుడే తెలియొచ్చు. ఆ కబుర్ల కోసమే దాన్ని నెమ్మదిగా చూడమంటాను.

ఇక ఆటలు. పుస్తకాలు చదివే పెద్దవాళ్ళలో చాలామంది వీడియో గేమ్ అనగానే మొహం తిప్పుకుంటారు. ఒక్కసారి 'వెన్బా' ఆడి చూడమని వాళ్ళను నేను బతిమాలుతున్నాను. టొరంటోలోని విసాయ్ గేమ్స్ అనే చిన్న బృందం 2023లో విడుదల చేసింది. ఎనభైల చివర్లో కెనడా వెళ్ళి స్థిరపడిన ఒక తమిళ కుటుంబం కథ. వెన్బా తల్లి పేరు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న వంటల పుస్తకంలో కొన్ని చోట్ల సిరా అలుక్కుపోయింది, కాగితం చిరిగింది. పోయిన వాక్యాలను ఊహించి వంట పూర్తిచేయడమే మన ఆట. మొదటి వంట ఇడ్లీ. పిండి పోసిన ఇడ్లీ రేకులను ఎలాపడితే అలా పేరిస్తే కుదరదు. పైరేకు గుంతలు కిందిరేకు గుంతల మీద సరిగ్గా రాకుండా తిప్పి పెట్టాలి, అప్పుడే ఆవిరి అన్నిటికీ అందుతుంది. మన వంటింట్లో అమ్మమ్మ చెయ్యి రోజూ చేసే పనిని ఒక ఆట మనతో చేయిస్తుంటే కలిగే సంతోషం వేరు.

కొడుకు కవిన్ పెరిగేకొద్దీ తల్లి తమిళంలో మాట్లాడితే ఇంగ్లీషులో జవాబిస్తాడు. డబ్బా కట్టిస్తే బడికి తీసుకెళ్ళడానికి సిగ్గుపడతాడు. తార్నాకలో ఎన్నో ఇళ్ళలో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. వీడియో కాల్‌లో మనవడితో తెలుగులో ఒక్క వాక్యం పలికించడానికి తంటాలుపడే తాతలూ నాయనమ్మలూ ఈ ఆటను చివరిదాకా ఆడగలరు. పరుగులు, కాల్పులు లేవు, టైమర్ లేదు. గంటన్నరలో ముగుస్తుంది. పక్కన మనవరాలు కూర్చుని మీటలు నొక్కిపెడితే ఇంకా మంచిది. 2024లో ఈ ఆటకు బాఫ్టా వారి తొలి ఆట బహుమతి దక్కింది.

అన్ని ఆటలూ ఇంత పొట్టివి కావు. 'ఎల్డెన్ రింగ్', 'బాల్డర్స్ గేట్ 3' లాంటివి పదుల గంటలు తింటాయి. అలాంటివాటిని నేను వద్దనను. అంత పెద్ద ప్రపంచంలో తిరగడం ఒక గొప్ప అనుభవం. ఏడాదికి ఒకటి చాలు, అదీ సెలవుల్లో మొదలుపెట్టండి. సెమిస్టర్ మధ్యలో మొదలుపెడితే ఆటా సగమే, చదువూ సగమే. 2025లో వచ్చిన 'క్లేర్ ఆబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33' గురించి క్యాంపస్‌లో చాలామంది అడిగారు. ఏడాదికోసారి ఒక స్త్రీ ఆకాశమంత రాతిస్తంభం మీద ఒక అంకె రాస్తుంది, ఆ వయసువాళ్ళంతా గాలిలో కలిసిపోతారు. ఆమెను ఆపడానికి కొందరు బయల్దేరతారు. ఫ్రాన్స్‌లోని ఒక బృందం చేసిన ఆట ఇది. కథ కోసం ఆడేవాళ్ళకు దీన్ని మించింది ఈ మధ్య దొరకదు, కాకపోతే మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. మామూలు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు, 'వెన్బా' దాంట్లో హాయిగా నడుస్తుంది.

2024లో వచ్చిన 'బలాట్రో' ఫోన్‌లోనూ ఆడొచ్చు. కెనడాలో ఒకే ఒక్క వ్యక్తి తయారుచేసిన పేకముక్కల ఆట. డబ్బు పందెం అసలే లేదు. కానీ "ఇంకొక్క ఆట" అనిపించే గుణం గట్టిగా ఉంది, అలారం పెట్టుకుని ఆడండి.

పందెం మాట వచ్చింది కాబట్టి సూటిగా చెప్తాను. ఆట వేరు, జూదం వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందేలతో ఆన్‌లైన్ ఆటలు నడపడాన్నే దేశమంతటా నిషేధించింది. అయినా లింకులు పంపేవాళ్ళు పంపుతూనే ఉంటారు. స్కాలర్‌షిప్ డబ్బు, చెల్లి పెళ్ళికి దాచిన డబ్బు అలా పోగొట్టుకుని ఇంటికి మొహం చూపించలేక కుమిలిపోయే పిల్లలున్నారు. మీ గదిలో అలాంటి తమ్ముడుంటే తిట్టకండి. ముందు యాప్ తీయించండి, తర్వాత ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోండి. అప్పు ఎంతయినా చెప్పుకుంటే తీరే దారి దొరుకుతుంది. ఈ అధ్యాయంలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ పేరా మరిచిపోకండి.

వేళల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తార్నాక నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ముప్పావు గంట పడుతుంది, అది కథల పుస్తకానికి చక్కటి కొలత. తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి 'రామేశ్వరం కాకులు' సంచిలో పెట్టుకోండి. 2023లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన కథల సంపుటి. సికింద్రాబాద్ దాటాక సీటు దొరికితే ఒక కథ అయిపోతుంది.

చూసిందీ చదివిందీ ఆడిందీ ఎవరికో ఒకరికి చెప్పేదాకా పూర్తయినట్టు కాదు. నేను గట్టిగా నమ్మే విషయం ఇది. దీనికోసం చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. అందులో చూడాల్సినవాటి పేర్లు రాయకండి. ముగించినవి మాత్రమే రాయండి, ఒక్కోదాని కింద రెండు వాక్యాలు. "బాగుంది", "సూపర్" అని రాస్తే ఆర్నెల్ల తర్వాత మీకే ఏమీ గుర్తు రాదు. "కవిన్ ఇంగ్లీషులో జవాబిచ్చినప్పుడు మా అక్క కూతురు కళ్ళముందు కనిపించింది" అని రాయండి. ఆ వాక్యం చదివినప్పుడల్లా ఆటంతా తిరిగొస్తుంది. ఏడాది చివర ఆ నోట్‌బుక్ తిరగేస్తే మీకు ఏం నచ్చుతుందో, ఎందుకు నచ్చుతుందో తెలుస్తుంది. తర్వాతి తీగ అక్కడే దొరుకుతుంది.

చెప్పడం కూడా అలాగే ఉండాలి. క్యాంపస్ టీ బండి దగ్గర రోజూ వినే సంభాషణ ఇది:

"అన్నా, ఆ సిరీస్ చూసినవా? ఎట్లుంది?"

"మస్తుంది తమ్మీ, చూడు."

అంతటితో అయిపోతుంది. ఆ అన్న ఇంకొక్క మాట కలిపి ఉంటే చాలు: "ఊరోళ్ళు ఒక్కొక్కళ్ళు యాది మరుస్తుంటే మా తాత యాదికొచ్చిండు తమ్మీ, ఆఖరికి ఆయన నన్ను కూడా గుర్తుపట్టలే." అప్పుడు తమ్ముడు సిరీస్ చూసినా చూడకపోయినా, అన్న గురించి ఒక సంగతి తెలుసుకుంటాడు. బహుశా తనింటి సంగతీ చెప్తాడు. "ఇంకా చూడలేదా!" అని ఎదుటివాళ్ళను చిన్నబుచ్చే మాట మాత్రం ఎప్పుడూ అనకండి. చాలామందిలో ఆ అపరాధభావం మొదలయ్యేది ఆ ఒక్క మాటతోనే.

నచ్చనివాటిని వదిలేయడం కూడా నేర్చుకోవాలి. యాభై పేజీలు, రెండు భాగాలు, రెండు గంటల ఆట. అప్పటికీ లోపలికి లాగకపోతే ఆపేయండి. పుస్తకమైతే ఇంకొకరికి ఇచ్చేయండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళకు ఇచ్చినా ఎవరో ఒకరి చేతికి చేరుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ గుట్టల్లో మీ తీగకు తగిన పుస్తకం ఒకటి వెతుక్కోండి. కొత్తది కావాలంటే కాచిగూడలో నవోదయ ఉంది, డిసెంబర్ దాకా ఆగగలిగితే హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఉంది. బుక్ ఫెయిర్‌కు వెళ్ళేముందు నోట్‌బుక్ ఒకసారి తిరగేసుకోండి. ఒక్క పేరుతో లోపలికి వెళ్ళండి. అది దొరికాక, కొనకముందే అక్కడే నిలబడి రెండు పేజీలు చదవండి.